సెలవు నెలలు చూసి నాటిన మామిడితోట

ఈ శుక్రవారం పొద్దున పాల ప్యాకెట్టు కొందామని బహ్రెయిన్‌లో మా గుదైబియా గది కింద ఉన్న, కోల్డ్ స్టోరు అని పిలిచే కిరాణా కొట్టులోకి దిగితే, గల్లా పక్కన అట్టపెట్టెలో మామిడిపళ్ళు కనిపించాయి. డిసెంబరులో మామిడిపళ్ళేమిటని మీరనుకోవచ్చు గానీ, ఇప్పుడిక్కడ అన్ని నెలలూ ఏదో ఒక దేశం పండు దొరుకుతూనే ఉంటుంది. ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి చూస్తే వాసనే లేదు. పండు తిరిగి పెట్టేసి, పాల సంగతి మరిచిపోయి మెట్లెక్కుతుంటే ఊరి నుంచి బామ్మర్ది ఫోను చేశాడు. మా చెలకలోని మామిడితోటను గుత్తకు పట్టే వ్యాపారి ఇంటికొచ్చి కూర్చున్నాడట. ఇన్ని రకాల చెట్లతో లారీ నిండదు, పూత రాకముందే కొమ్మలన్నీ కొట్టేయించి ఆ మొండేల మీద ఒక్క బంగినపల్లి అంట్లే కట్టిస్తే ఇకముందు తోటంతా తానే పట్టుకుంటానన్నాడట, ఆదివారంకల్లా అవునో కాదో చెప్పమన్నాడట. మా కంపెనీవాళ్ళు కూడా ఇంకో రెండేళ్ళు వీసా పొడిగించుకుంటావా, ఖలాస్ చేసుకుని ఇంటికి పోతావా, ఆదివారం డ్యూటీకి వచ్చి చెప్పమన్నారు.

అప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కెఫెటీరియాలో చాయ్ సగం తాగి వదిలేశాను, లాండ్రీకి వెళ్ళి ఇవ్వని బట్టలు అడిగాను, నేషనల్ డేకి వీధుల్లో కడుతున్న ఎర్ర తెల్ల దీపాలను చూస్తూ రెండు సందులు చుట్టి మళ్ళీ గదికే వచ్చాను. నాతోపాటు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న హైదరాబాదు డ్రైవరు భాయ్ మంచం మీద నుంచే చూసి, ‘కూసో మియా, నీ నడకకు గచ్చు అరుగుతది’ అన్నాడు. కూర్చుంటే తోట గుర్తుకొస్తోంది, లేస్తే ఆదివారం గుర్తుకొస్తోంది.

ఆ తోట సంగతి చెప్పాలంటే ముందు ఒక ఇంగ్లీషు ఇంజినీరు సంగతి చెప్పాలి. నేను బహ్రెయిన్ వచ్చిన కొత్తలో, లైసెన్సు దొరికి డ్రైవరునయ్యాక, ఆయనను రోజూ ఈసా టౌన్ సైటుకు తీసుకుపోయేవాణ్ణి. ఆయనకొచ్చిన హిందీ అంతంతమాత్రం, నాకొచ్చిన ఇంగ్లీషు అంతకన్నా తక్కువ, అయినా దారి పొడుగునా చెప్పేది ఒకటే ముచ్చట: ఉద్యోగం మానేశాక సొంత ఊళ్ళో ఇంటి వెనక ఆపిల్ చెట్లు పెట్టుకుని, ఆ పళ్ళు పిండి, రసం పులియబెట్టి సైడర్ చేసుకుంటాడట. మా క్యాంపులో చెబితే అందరూ పడీపడీ నవ్వి దానికి ఆపిల్ కల్లు అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను గానీ, ఆయన చెట్లను ఎంచే తీరు మాత్రం నా మనసుకు పట్టింది. తియ్యటి పళ్ళే పిండితే రసం చప్పిడిగా ఉంటుందట, పులుపు కలిస్తేనే దానికి ప్రాణం, కాస్త వగరు ఉంటేనే నాలుక మీద నిలుస్తుంది, అందుకని మూడు గుణాల చెట్లూ దొడ్లో ఉండాలి, పైగా అవన్నీ ఇంచుమించు ఒకేసారి పూయాలి, లేకుంటే కాయ పట్టదు. ఒకసారి స్కూలు బస్సుల మధ్య బండి చిక్కుకుపోయినప్పుడు ఎర్ర ఆపిల్ ముక్కా పచ్చ ఆపిల్ ముక్కా కలిపి నా చేతిలో పెట్టి, రెండూ ఒకేసారి నమలమన్నాడు. అబ్బ! నోట్లో విడివిడిగా లేని రుచి ఒకటి పుట్టింది, ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆయన వచ్చే ఏడు పోతానంటూనే ఏడాది తర్వాత ఏడాది పొడిగించుకుంటూ పోయాడు. చివరికి నేనే విమానాశ్రయానికి దింపిన రోజున, ఇక్కడ కూర్చుని చెట్లను ఎంచుతూ గడిపేశాను, అప్పుడే నాటి ఉంటే ఈపాటికి కాసేవి, ఇప్పుడు పెడితే కాపు నేను చూస్తానో లేదో అన్నాడు. తిరిగొస్తూ దారంతా మా చెలకే కళ్ళ ముందు కనిపించింది, ఈసారి సెలవులో మామిడి పెట్టాల్సిందేనని అనుకున్నాను.

అయితే ఆయన రుచి చూసి చెట్లను ఎంచుకుంటే నేను నెల చూసి ఎంచుకున్నాను. గల్ఫులో పనిచేసిన నా ఈడు వాళ్ళకు చెప్పక్కరలేదు, మన సెలవు మన చేతిలో ఉండేది కాదు. రెండేళ్ళకోసారి వచ్చేది, అదీ కంపెనీ ఏ నెలలో ఇస్తే ఆ నెలలో. ఒకే రకం పెడితే దాని కాలానికి నేను ఊళ్ళో ఉంటానో లేదో, అందుకని ఎప్పుడు దిగినా ఏదో ఒక చెట్టున పండు ఉండేలా లెక్క వేశాను: ముందుగా వచ్చే సువర్ణరేఖ, దాని వెనక బంగినపల్లి, ఆ తర్వాత చెరుకు రసాలు, దశేరి, వానల్లోకి నీలం, వీటితోపాటు ఆవకాయ పచ్చడికి పుల్లటి నాటు చెట్లు. భాయ్ నా లెక్క విని, ‘ఏం మియా, తోట పెడ్తున్నవా, డ్యూటీ చార్ట్ పెడ్తున్నవా?’ అన్నాడు. వానాకాలం సెలవులో అంట్లు తెచ్చి గుంటల్లో పెడుతుంటే నా భార్య నడుము మీద చెయ్యి వేసుకుని చూసి, ‘ఒక్కో చెట్టు ఒక్కో నెల కాస్తే కోతులను కొట్టుకుంట నేను ఎన్ని నెలలు నిలబడాలె? నీకేంది, విమానం ఎక్కి పోతవు’ అంది. నేను నవ్వేశాను, ఆమె మాత్రం నవ్వలేదు.

చెట్లు కాపుకొచ్చాయి గానీ నా లెక్కే కుదరలేదు. ఒకసారి సెలవు జనవరిలో ఇచ్చారు, పూత వాసన పీల్చుకుని వచ్చేశాను. ఒకసారి నడి ఎండల్లో దిగాను, బంగినపల్లి కడుపు నిండా తిన్నాను గానీ రసాలు పండకముందే టికెట్టు తేదీ వచ్చింది. మరోసారి వానల్లో పోతే నీలం చెట్టుకు చిటారు కొమ్మన నాలుగు కాయలు మిగిలి ఉన్నాయి. మిగతాదంతా ఫోనులోనే, ఇయ్యాల దశేరి తెంపినం, ఇయ్యాల పచ్చడి పెట్టినం అని ఆమె చెబుతుంటే ఇక్కడ మంచం మీద పడుకుని వినేవాణ్ణి. నా చేత్తో నాటిన తోట మొదటి పండు నుంచి చివరి పండు దాకా ఒక్క ఏడాది కూడా చూడలేదు. ఊళ్ళో ఉన్న ఆ కొన్నాళ్ళయినా నెమ్మదిగా ఉన్నానా అంటే అదీ లేదు, ఈ చెట్టు కిందికీ ఆ చెట్టు కిందికీ తిరగడమే, తిరుగు ప్రయాణానికి ఇంకెన్నాళ్ళుందో అనుకోవడమే.

ఈ సాయంత్రం ఇక ఉండబట్టలేక నా భార్యకు వీడియో కాల్ చేశాను. వ్యాపారి మాట తీయగానే, ‘నరుకుతే నరకనీ, ఒక్కటే రకమైతే ఒక్క నెలల ఒడుస్తది, నా పీడ పోతది’ అంది. అన్నదే గానీ నా ముఖం వైపు చూడలేదు. చేతిలోని చేటలో బియ్యం మళ్ళీ మళ్ళీ చెరుగుతోంది, అందులో ఏరడానికి ఏమీ లేదని నాకు ఇక్కడికే కనిపిస్తోంది. ‘వద్దు, గొడ్డలి పెట్టనియ్యకు. ఆదివారం ఖలాస్ అని చెప్తున్న. పూతకల్లా వస్త, ఒక్క ఏడన్న తోట మొత్తం చూడాలె, కోతులను నేనే కొడ్త’ అన్నాను. ఆమె చెరగడం ఆపి చేట పక్కన పెట్టింది. ఆ తర్వాత మెల్లగా, ‘వచ్చుడు సరే, ఉంటవా?’ అంది.

ఉంట అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకెంత సేపు పట్టిందో తలుచుకుంటే సిగ్గేస్తోంది. మన కాలంలో గల్ఫు నుంచి దిగి వాకిట్లో పెట్టె దించకముందే అందరూ అడిగేది ఒక్కటే, మళ్ళ ఎప్పుడు పోతవ్ అని. అందులో వాళ్ళ తప్పేం లేదు, ఫలానా తేదీ అని ఠక్కున చెప్పేసేవాళ్ళం, వాళ్ళూ మనమూ ఆ తేదీ దాకా నవ్వుతూ సర్దుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలు పెళ్ళికో తద్దినానికో నాలుగు రోజులు వచ్చి పోతున్నారు, వాళ్ళను ఆ మాట కూడా ఎవరూ అడగడం లేదు. ఇన్నేళ్ళలో నన్ను ఉంటవా అని అడిగింది ఈమె ఒక్కతే, అదీ ఇవాళే. వెనక్కి వచ్చే తేదీ లేకుండా ఇంటికి పోవడం ఎలా ఉంటుందో నాకింకా తెలియదు.