నేను కొట్టేసిన వాక్యం

నా మొదటి కథకు మొయినాబాదులో జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత చాలా కథలు రాశాను, కొన్నింటికి మంచి పేరే వచ్చింది. అంత నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు. వచ్చినా నాకు అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మాది చేవెళ్ళలో కిరాణా దుకాణం. నేను ఉర్దూ బడిలో చదువుకున్నవాణ్ణి. తెలుగులో కథ రాయడం మొయినాబాదు గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి నేర్చుకున్నాను. నెలకోసారి అక్కడ పదిహేను ఇరవై మందిమి చేరేవాళ్ళం. సభ అంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలి గనక, సభ అనకుండా ఊరికే కూర్చునేవాళ్ళం. ఊరికే కూర్చున్నవాళ్ళలో ఒకడు కథ చదివితే తప్పేముంది?

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. కథ ఎట్లా రాయాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో సగం నిజమే కూడా. మనిషి గుణాన్ని పేరు పెట్టి చెప్పకూడదు. అతని చేత ఒక పని చేయించి ఊరుకోవాలి. మిగతాది వినేవాడే పూరించుకుంటాడు. ఈ సూత్రం నాకు ఆ వయసులోనే పట్టుబడింది, ఇప్పటికీ దీన్ని మించింది నాకు దొరకలేదు.

కథకు ఒక దుకాణదారుణ్ణి తీసుకున్నాను. లోభి అని గానీ మోసగాడని గానీ ఎక్కడా రాయలేదు. అతని బొటనవేలు గురించి రాశాను.

మా బాపు తూకానికి ఒక పద్ధతి ఉండేది. ఎడమచేత్తో తరాజు ఎత్తి పట్టుకునేవాడు. సరుకు పడగానే పళ్ళెం ఊగుతుంది కదా, అది దానంతట అది ఆగేదాకా చూస్తూ కూర్చుంటే వారపు అంగడి రోజు పని తెమలదు. అందుకని కుడిచేతి బొటనవేలు పళ్ళెం అంచుకు ఆనించి ఊపు ఆపేవాడు. ఆపి, వేలు తీసేసి, అప్పుడు ముల్లు చూసేవాడు. ముల్లు సరిగ్గా నిలిచాక పైన పిడికెడు కొసరు వేసేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే ఇది. బాపుకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే, ఆయన తూకాన్ని ఎవరూ తిరిగి చూడకపోవడమే.

నా కథలో దుకాణదారు వేలు ఆనిస్తాడు. అక్కడితో ఆపాను. వేలు తీసే వాక్యం మొదట రాశాను, తర్వాత కొట్టేశాను, మళ్ళీ చదువుకుని భలే కుదిరిందని మురిసిపోయాను. ఆ తర్వాత అతని చేత వానల గురించి, కొనేవాళ్ళ పిల్లల బాగోగుల గురించి తీయతీయగా మాట్లాడించాను. ఎంత మాట్లాడినా వేలు మాత్రం కదలదు. జనం నవ్వింది అక్కడే.

చక్కెర, కిరసనాయిలు దొరకడమే గగనమైన కాలం. దుకాణం పెట్టుకున్నవాడి మీద అందరికీ లోపల్లోపల ఒక అనుమానం. ఆ అనుమానానికి నా కథ సాక్ష్యంగా దొరికింది. నోటినోటా పాకి వారం తిరక్కుండా చేవెళ్ళ చేరింది. "సేటు కొడుకే రాసిండట. ఇంట్ల ఉన్నోనికి తెల్వదా?" అనుకున్నారు జనం. వాళ్ళ తప్పేముంది, నేనైనా అట్లాగే అనుకునేవాణ్ణి.

తర్వాతి అంగడికి ఆలూరు నుంచి ఒక అవ్వ వచ్చింది. సేద్యం చేసుకునే కిరస్తానీ కుటుంబం వాళ్ళది. ఇరవై ఏళ్ళుగా మా దుకాణం తప్ప ఇంకో గడప ఎరగదు. బాపు తూస్తుంటే ఆమె పళ్ళెం వైపు చూసేది కూడా కాదు, కొంగు విప్పుకుంటూ ఇంటి సంగతులు చెప్పేది. ఆ రోజు కందిపప్పు అడిగింది. బాపు తరాజు ఎత్తి వేలు ఆనించాడు. అవ్వ చెప్తున్న మాట ఆపేసింది.

"సేటూ, జర ఆ ఏలు తీసి తూకమెయ్యి," అన్నది.

తిట్టినట్టు కాదు, మొహమాటంగా తల వంచుకునే అన్నది. వెనుక నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు.

బాపు తరాజు దించాడు. పప్పంతా తిరిగి గోనెసంచిలోకి పోసేసి మళ్ళీ మొదటి నుంచి తూచాడు. ఈసారి కుడిచెయ్యి వీపు వెనుక పెట్టుకున్నాడు. పళ్ళెం ఊగుతూనే ఉంది. అది ఆగేదాకా అందరూ అట్లాగే నిలబడ్డారు. తర్వాత కొసరుకు పప్పు పిడికిట్లోకి తీసుకున్నాడు గానీ, ఏమనుకున్నాడో, మళ్ళీ గోనెసంచిలోనే వేశాడు. అవ్వ మూట కట్టుకుని వెళ్ళిపోయింది. పక్కన బెల్లం కొడుతున్న నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం అంగడి పలచబడ్డాక బాపు నన్ను పిలిచాడు.

"ఏదో కథ రాసినవంట. సదువు, ఇంట."

కాగితాలు తెచ్చి చదవడం మొదలుపెట్టాను. వేలు దగ్గరికి వచ్చాను. ఆ నాలుగు పంక్తులూ దాటేసి కింది పేరా అందుకున్నాను.

"ఆడ ఇడిసిపెట్టినవ్," అన్నాడు బాపు. "గది గూడ సదువు. అందరు ఇన్నరు, నేనొక్కన్నే ఇనలే."

చదివాను. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. వాడు పక్కా దొంగ. నేను గూడ నమ్మిన."

ఆ మెప్పు కంటే రెండు చెంపలూ వాయించినా నయమే.

"ఏలు తీస్తడని ఎందుకు రాయలే?" అని అడిగాడు.

"తీస్తే కథ ఉండదు బాపూ."

"అట్లనా," అని తల ఊపాడు. నిజంగానే కొత్త సంగతి తెలుసుకున్నట్టున్నాడు. "అంటే కథకు నేనే అడ్డమొచ్చిన."

ఏడ్చాను. ఇరవై ఏళ్ళవాణ్ణి, గోనెసంచుల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఒక చిన్న పనితో మనిషి గుణం బయటపడుతుందని కదా నా సూత్రం. బయటపడింది. వాక్యం కొట్టేసిన చెయ్యి నాదే గనక, నా గుణమే బయటపడింది. పది మంది నవ్వు కోసం ఇంటి మనిషిని వాడుకునే రకాన్ని నేను.

కథ తిరగరాయడానికి కూర్చున్నాను. వేలు తీసే వాక్యం ఒక్కటి చేరిస్తే సరిపోలేదు. అప్పుడతను ఎవరికీ గుర్తుండని మంచివాడు అవుతాడు, అంతే. అందుకని కథ చెప్పే మనిషిని మార్చాను. దుకాణదారు కొడుకు చేత 'నేను' అని చెప్పించాను. వాడు కథ రాస్తాడు, ఒక వాక్యం కొట్టేస్తాడు, జనం నవ్వుతుంటే ఉబ్బిపోతాడు, తర్వాతి అంగడిలో తండ్రి చెయ్యి వీపు వెనక్కి పోవడం చూస్తాడు. వాణ్ణి చెడ్డవాడని ఎక్కడా అనలేదు. వాడు కొట్టేసిన వాక్యాన్ని చూపించి ఊరుకున్నాను. నేను రాసినవాటిలో మంచి కథ ఏదంటే ఈనాటికీ దాన్నే చెప్తాను.

ఈసారి మొయినాబాదు పోకముందే బాపుకు చదివి వినిపించాను. అప్పటికి ఆలూరు అవ్వ ఎదుటి దుకాణానికి పోవడం మొదలుపెట్టింది. బాపు ఇంకా చెయ్యి వెనక్కి పెట్టుకునే తూస్తున్నాడు.

"ఎట్లున్నది బాపూ?"

"దుకాణపాయన సంగతి మంచిగున్నది," అన్నాడు. "ఆ కొడుకు సంగతి తీసెయ్యి."

"ఎందుకు?"

"నలుగుట్ల సదువుతవ్ గద. ఆ పిలగాణ్ణి మంది ఏమనుకుంటరు?"

తన పరువు పోయి నెల తిరగలేదు, ఆయనకు నా పరువు మీదే బెంగ. బాపు మాట నేను జవదాటింది బహు తక్కువ. ఆ ఒక్కటీ వినలేదు. కొడుకు సంగతి ఒక్క అక్షరం తీయకుండా మొయినాబాదులో నిలబడి చదివాను.