బెంచీ దిక్కు చూసిన ఫోటో

దయ్యాలు, జిన్నులు అనేటియి నేను ఒక్కనాడు నమ్మలె. ఇంట్ల ముసలోళ్లు ఆ ముచ్చట్లు మొదలువెడితే లేచి బయటికి పోయేటోన్ని. మెదక్ బస్టాండు దగ్గర మా అబ్బా, అంటే మా నాయిన, పెట్టిన ఫోటో స్టూడియో ఇప్పుడు నేను నడిపిస్తున్న. "సలీం భాయ్, ఎనుక ఎవరో నిలవడ్డరు సూడు" అని ఫోన్ల తీసిన ఫోటోలు పట్టుకొచ్చేటోళ్లు అప్పుడప్పుడు వస్తనే ఉంటరు. లెన్స్ మీద చెమట అనో, చెయ్యి కదిలింది అనో చెప్పి పంపిస్త. గసొంటి నాకే గిట్లయింది.

ఫోన్లు వచ్చినంక మా పని సగం పాస్‌పోర్టు సైజులు, సగం పోయినోళ్ల ఫోటోలు. ఇంట్లోళ్లు ఏదన్న పెండ్లి ఫోటో తెస్తరు. అండ్లకెంచి మొకం తీసి, పెద్దగ చేసి, ఫ్రేము కట్టియ్యాలె. అందరి కోరిక ఒక్కటే, జర తెల్లగ చెయ్యుండ్రి, ముడుతలు తియ్యుండ్రి. మొదట్ల నేను కొట్లాడేటోన్ని. ఇప్పుడు గిరాకి అడిగినట్టే చేస్త గని, కండ్లు మాత్రం ముట్టుకోను.

అది మా అబ్బా పెట్టిన కాయిదా. ఫ్రేము కట్టినంక గోడకు తగిలిచ్చి, షాపుల ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి చూసేటోడు. మంచి ఫోటో అయితే మనం యాడ నిలవడ్డా మననే చూస్తది. చూడకపోతే గిరాకి చేతికి ఇయ్యకు అనేటోడు. అండ్ల మాయ ఏం లేదు. మనిషి కెమెరా దిక్కు సక్కగ చూస్తే ఫోటో అట్లనే వస్తది.

పోయిన ఎండకాలం హవేలిఘనపూర్ నుంచి నర్సింలు అనే రైతు వచ్చిండు. వాళ్లమ్మ సత్తెవ్వ పోయింది. దినవారానికి ఫోటో కావాలె. ఆమెది ఒక్క ఫోటో లేదు, ఒక పెండ్లి గ్రూపు ఫోటో తప్ప. పచ్చ చీర కట్టుకున్నామె మా అమ్మ అన్నడు. "భాయ్, మా అమ్మ బతుకంత నాట్లేసుకుంట ఎండకు నల్లవడ్డది. ఫోటోలనన్న జర తెల్లగ ఉండనియ్యుండ్రి" అన్నడు.

మనసు పెట్టి చేసిన. తెల్లగ చేసి, ముడుతలు తీసి ఫోన్ల పంపితే, మస్తున్నది భాయ్ అన్నడు, ఏడ్చుకుంట. కింద సత్తెవ్వ పేరు, పోయిన తేదీ. మీద గంధపు దండ. అన్నీ ఆయన చెప్పినట్టే.

దినవారం రోజు పొద్దుగాల ఫ్రేమును గోడకు తగిలిచ్చి నడిచిన. ఫోటో నన్ను చూడలె.

ఎడమకు పోయిన, కుడికి పోయిన. అది తలుపు కాడ గిరాకీలు కూసునే బెంచీనే చూస్తున్నది. బెంచీ మీద ఎవరు లేరు. కంప్యూటర్ల తీసి చూస్తే కండ్లు సక్కగనే ఉన్నయి. అద్దం మెరుస్తుందేమో అని అద్దం మార్చిన. కొత్తగ ప్రింట్ తీసిన. అదే తీరు. ఎనుక ఇంట్లకెంచి మా ఇంటామెను పిలిచి, ఏం చెప్పకుండ, ఈ ఫోటో ఎటు చూస్తున్నది అని అడిగిన. బెంచీ దిక్కు అన్నది.

నర్సింలు ఫోన్ మీద ఫోన్. ఫ్రేమును కాయితం చుట్టి ఆటోల పంపమన్నడు, చుట్టాలందరి ముందట ఇప్పుతరట. ఇంక కాలేదు అన్న. పోయిన మనిషి ఫోటోకు గింత సతాయిస్తరా అని కోపం చేసిండు. ఫోటో నన్ను చూస్తలేదు అని ఎట్ల చెప్పాలె?

ఆఖరికి ఆయనే వచ్చిండు. అల్లాదుర్గ్ నుంచి బస్సు దిగిన వాళ్ల చిన్నమ్మ బాలవ్వను తోల్కొని వచ్చిండు. ఆ ముసలామె ఆయాసపడుకుంట ఆ బెంచీ మీదనే కూసున్నది. ఆమె మొకం చూసిన. గోడ మీద దండేసుకొని ఉన్నది ఈమెనే.

పక్కకున్న పరదా గుంజి ఫ్రేము మీద కప్పిన. బాలవ్వ చెమట తుడుచుకుంటున్నది, అటు చూడలె. నర్సింలును లోపటికి పిలిచి కంప్యూటర్ల ఆ ఫోటో పెద్దగ చేసి చూపెట్టిన. ఆయన తలకాయ పట్టుకొని కూలవడ్డడు. అక్కచెల్లెండ్లకు ఆ పెండ్లిల ఒక్క తీరు పచ్చ చీరలే పెట్టిన్రట. గ్రూపు ఫోటోల సత్తెవ్వ ఒక అంచుకు మసకగ ఉన్నది. నేను సాఫ్‌గ ఉన్న మొకమే తీసుకున్న. తెల్లగ చేసినంక ఫోన్ల చిన్నగ చూసిన కొడుకుకు గుడ సమజ్ కాలె.

"చిన్నమ్మకు గుండె ఆపరేషన్ అయింది భాయ్" అన్నడు. బతికున్న మనిషి దండేసిన తన ఫోటోను నలుగురి ముందట చూసుకుంటే ఏమయ్యేదో.

అప్పటికప్పుడు సత్తెవ్వ ఫోటో చేసిన. తెల్లగ వద్దు భాయ్, ఉన్నది ఉన్నట్టు చెయ్యుండ్రి అన్నడు. జర మసకనే వచ్చింది. గోడకు పెట్టి నడిచిన. ఏ మూలకు పోయినా నన్నే చూసింది. బాలవ్వ ఆ చెంపలు నిమిరి, "అక్క గింతే. ఫోటో దిగేటప్పుడు గుడ నా కొంగు సదురుడే. కదలకుండ ఎన్నడు నిలవడ్డది?" అని ఏడ్చింది.

వాళ్లు పోయినంక ఆ మొదటి ఫోటోకు దండ తీసేసి, పేరున్న అంచు కత్తిరించి, మల్ల అదే గోడకు పెట్టిన. ఈసారి నన్నే చూసింది. అదే కాయితం, అదే గోడ. ఎట్లనో నాకు ఇప్పటికి తెల్వది. ఫోటోల సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగిన, ఎవరు చెప్పలె.

సత్తెవ్వను నేను ఎన్నడు చూడలె. అయినా నమాజు చేసి దువా అడిగేటప్పుడు మా అబ్బా పేరు తీసినంక ఆమె పేరు గుడ తీస్త. ఇద్దరి మేలు నా మీద ఉన్నది.

మొన్న బాలవ్వ పింఛను పనికి ఫోటో దిగనీకి వచ్చింది. జరిగింది ఆమెకు ఇంక తెల్వది. అదే బెంచీ మీద కూసోని పౌడరు రాసుకున్నది. "జర తెల్లగ చెయ్యి బిడ్డా" అన్నది. సంతోషంగ చేసిన.