మేడమ్ తిన్న వేరుశెనక్కాయలు

బీచ్ రోడ్డులో సాయంత్రంపూట తోపుడుబండి మీద ఉప్పునీళ్ళలో ఉడుకుతున్న వేరుశెనక్కాయల వాసన తగిలితే అందరికీ ఆకలేస్తుందట. నాకు కోపం వస్తుంది. బడి వదిలి ఇన్నేళ్ళయినా అదే కోపం. నా కాయలు తినేసిన మనిషి సలీమా మేడమ్. ఉక్కునగరంలో మా బడికి ఆటల టీచరు, పాత ఊళ్ళో గాజుల దుకాణం వాళ్ళమ్మాయి. ఆవిడ ఇప్పుడు లేరు. నాతో వాదనకు దిగే వీల్లేదు కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు నావే. గొప్ప చెప్పుకోవడం కాదు, ఎవరినడిగినా చెబుతారు. అయినా ఒక సాయంత్రం మేడమ్ సంచీ నిండా ఉడకబెట్టిన కాయలు తెచ్చి, కోర్టు పక్కన సిమెంటు బెంచీ మీద ఒక్కొక్కరి పేరన ఒక కాగితం పరిచారు. ప్రాక్టీసు ఆటలో ఎవరు షాటు వేసినా వాళ్ళ కాగితంలో ఒక కాయ. బంతి రింగులో పడితే ఆ కాయ మనది. పడకపోతే ఆవిడ ఒలుచుకుని తినేస్తారు, తొక్క మాత్రం మన కాగితంలోనే పడేస్తారు. ఆట అయ్యేసరికి నా కాగితంలోనే ఎక్కువ కాయలు మిగిలాయి. సంబరంగా తీసుకోబోతే మేడమ్ చెయ్యి పట్టుకున్నారు.

"మిగిలినవి సూసి మురిసిపోతన్నావు. నాను తిన్నవి సూడవేటే?"

చూశాను. తొక్కల గుట్ట. పక్కన పైడితల్లి కాగితంలో కాయలు కొన్నే, కానీ తొక్కలు రెండో మూడో. పైడితల్లి భీమిలి వైపు నుంచి వచ్చిన పొడుగుపిల్ల. తనంతట తాను బంతి అడిగేది కాదు, ఇస్తే వేసేది.

"రేపట్నుంచి బంతి పైడికి ఎక్కువ ఎల్లాలి. నీ దయవల్ల నాకు రాత్రికి అన్నం అక్కర్లేదు" అన్నారు మేడమ్. జట్టంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

ఊరుకుంటానా? మర్నాడు ఆవిడ స్కూటరు దిగకముందే అడ్డం నిలబడ్డాను. "పైడి రింగు కిందకెల్లి ఏత్తాది మేడమ్. నాను దూరంనుంచి, మీద ఇద్దరు పడతన్నా ఏత్తాను. రెండూ ఒకటేనేటి?"

"తగువులమారి" అన్నారు. కానీ హెల్మెట్ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించారు. ఆ సాయంత్రం నా పేరన మూడు కాగితాలు పడ్డాయి: ఎడమ మూలకొకటి, నడుమకొకటి, కుడి పక్కకొకటి. నేను ఎక్కడ నిలబడి వేస్తే అక్కడి కాగితంలో కాయ. చివరికి కుడి పక్క కాగితం నిండా తొక్కలే. నడుమ సగానికి సగం. ఎడమ మూల కాగితంలో మాత్రం తొక్క కోసం వెతకాల్సి వచ్చింది.

"ఆ మూలనుంచి నువ్వు ఏత్తే నాకు పస్తే" అన్నారు మేడమ్. "అక్కడ బంతి దొరికితే ఎవర్నీ అడక్కు, ఏసెయ్. కుడి పక్కన దొరికితే పైడికిచ్చెయ్."

నా తగువు వల్లే తన పద్ధతి బాగుపడిందని ఒక్క మాట అన్నారా? లేదు. మర్నాటి నుంచి అందరికీ మూడేసి కాగితాలు పరిచారు, అంతే.

స్కూళ్ళ ఫైనలు సీతమ్మధారలో జరిగింది. జిల్లా జట్టుకు పిల్లల్ని ఏరేవాళ్ళు చూడటానికి వచ్చారు. ఎక్కువ పాయింట్లు చేసినవాళ్ళ మీదే వాళ్ళ చూపని అందరికీ తెలుసు, ఆ జట్టులో చోటు కోసం నేను ఏడాదంతా కాచుకుని ఉన్నాను. ఆఖరి క్షణాల్లో మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతికొచ్చింది, అదీ కుడి పక్కన. రింగు ఎదురుగా కనిపిస్తోంది. దాని కింద పైడితల్లి ఖాళీగా ఉంది. నాకు ఆ తొక్కల కాగితం గుర్తొచ్చింది. ఇచ్చేశాను. పైడి వేసిన బంతి రింగు అంచు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. ఈల మోగింది.

తిరుగు బస్సులో మేడమ్ పక్కన కూర్చుని అన్నాను, "నాను ఏసుంటే పడేది మేడమ్."

"పడొచ్చు."

"మరెందుకు ఇమ్మన్నారు?"

"మల్లీ ఇలాటి ఆటే వొత్తే మల్లీ పైడికే ఇమ్మంటాను."

ముందు సీట్లో పైడి చున్నీలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. మేడమ్ పొట్లం విప్పి, దానికి కనబడేలా ఒక కాయ ఒలుచుకుని తిన్నారు. "ఇది నీదే పైడీ. ఎప్పుడో ఒకసారి నాకూ పెట్టాల కదా." ఏడుస్తున్న పిల్ల నవ్వింది. తరవాత నా అరచేతిలో ఒక కాయ పెట్టారు. "షాటు పోయింది. పాసు పోలేదు. ఇది దానికి."

నాకొద్దని ఆవిడ ఒళ్ళో పడేశాను. ఆవిడ దాన్ని తినలేదు, రుమాల్లో చుట్టుకున్నారు. "నీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు అడుగు." నేనెప్పుడూ అడగలేదు.

బంతి తనకే ఎక్కువ వెళ్ళడంతో ఆ పోటీల్లో పాయింట్లూ పైడితల్లివే ఎక్కువయ్యాయి. జిల్లా జట్టులో తన పేరు వచ్చింది, నాది రాలేదు. ఆ ఏరినవాళ్ళు ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపడతాను. ప్రస్తుతం ఆటోనగర్‌లో విడిభాగాల అమ్మకాలు చూస్తున్నాను. ఎవరో ఎక్కువ ఆర్డర్లు తెచ్చారని మీటింగులో చప్పట్లు కొడుతుంటే, ఎన్ని షాపులు తిరిగితే వచ్చాయి, ఏ వైపు తిరిగితే వచ్చాయి అని అడుగుతాను. అక్కడా తగువులమారి అనే పేరు. కానీ సరైన పని చేసీ ఆర్డరు రాక తల దించుకున్న మనిషి దగ్గరికి ముందు వెళ్ళేదీ నేనే.

నిన్న బీచ్‌లో ఒక పొట్లం కొనుక్కుని గోడ మీద కూర్చున్నాను. మొదటి కాయ ఎప్పుడూ ఆ పాసుదే. ఒలిచి తిని, పైడికి ఫోన్ చేశాను.

"నాను ఏసుంటే పడేదే."

"ఏటే, మల్లీ మొదలెట్టావా? అంత నమ్మకముంటే నాకెందుకిచ్చావు?"

"ఇప్పుడొచ్చినా నీకే ఇత్తాను" అన్నాను.