నిద్రకు ముందు ఒక మాట

మా థియేటర్ హెడ్ నర్సుగా చేసి రిటైరైన పెద్ద సిస్టర్ పోయారు. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి, నేను సెలవులో ఉన్న రోజు మా ఐసీయూలోనే పోయారు. పెద్దపల్లి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అవ్వ వోయింది సార్. మీరే దగ్గరుండి మత్తిచ్చిండ్రు, గదొక్కటే మాకు ధైర్యం" అన్నాడు.

నేను కరీంనగర్‌లో మత్తు డాక్టరుగా చేరేనాటికి ఆపరేషన్ థియేటరంతా ఆమె చేతుల్లో ఉండేది. అప్పుడే కొత్త మిషన్ వచ్చింది. నొసటికి పట్టీ అతికిస్తే మెదడు తరంగాలు చదివి, మనిషి ఎంత లోతు నిద్రలో ఉన్నాడో అంకెలో చూపిస్తుంది. మెలకువలో తొంభై పైన, మత్తులో నలభై, యాభై. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, దాన్ని అందరి నొసటికీ తగిలించేవాణ్ణి.

పట్టీ అంటుకోవాలంటే చర్మం శుభ్రంగా ఉండాలి. మందమర్రి నుంచి వచ్చిన ఒకామె కుంకుమను స్పిరిట్ దూదితో తుడవబోయాను. ఆమె బల్లమీద లేచి కూర్చుంది.

"సారూ, మా ఆయన బొగ్గుబాయిల దిగిండు. ఆయన పైకొచ్చేదాంక నా బొట్టు ముట్టకుండ్రి!"

నాకు చిరాకేసింది. సిస్టర్ అడ్డొచ్చి, జేబులోంచి చిన్న కుంకుమ డబ్బా తీశారు. "చెల్లే, ముందుగాల గొంతు మీద పెట్టుకో. అటెన్క నొసలు నువ్వే తుడుసుకో."

ఆమె అలాగే చేసి, నెమ్మదించి పడుకుంది.

"ఏంటి సిస్టర్ ఈ చాదస్తం?" అన్నాను తర్వాత.

"నిద్రెంత లోతో మీ డబ్బా చెప్తది సార్. భయమెంత లోతో మనమే అడగాలె."

మత్తిచ్చే ముందు ప్రతివాళ్లతో ఏదో ఒకటి మాట్లాడేవారు. పరగడుపున ఉన్నవాళ్లను పట్టుకుని "ఇంటికి వోయినంక ఏం కూర తింటవ్?" అని అడిగేవారు. ఒకాయన "కోడి..." అంటూనే నిద్రలోకి జారిపోయాడు. అందరం నవ్వాం. నేను మాత్రం గడియారం చూపించి తొందరపెట్టేవాణ్ణి. ఆమె చెప్పింది నిజమని ఆమె రిటైరయ్యేదాకా ఒక్కసారీ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే వినేవారు లేరు.

పోవడానికి తొమ్మిది రోజుల ముందు ఆమెను ఆయాసంతో మా ఐసీయూకి తెచ్చారు. గొంతులో గొట్టం వేయాలి, వేయాలంటే మత్తివ్వాలి. అంతా తొందర. నొసలు నేనే తుడిచాను, పట్టీ నేనే అతికించాను. "సిస్టర్, నేనే, ఇక్కడే ఉన్నాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. నన్ను గుర్తుపట్టారని ఆమె కళ్లు చెబుతున్నా అనలేదు. అందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మందు ఎక్కిస్తుంటే ఆమె చెయ్యి మెల్లగా నావైపు లేచింది. పట్టీ పీకేస్తారేమోనని, కళ్లు మిషన్ తెరమీంచి తిప్పకుండానే, ఆ చేతిని మంచం మీదికి దించేశాను. అంకె డెబ్భై అయింది, అరవై అయింది, నలభై దగ్గర నిలిచింది. అప్పుడు తల తిప్పి చూశాను. నేను వదిలేసిన చోటే, దుప్పటిమీద, ఆమె అరచెయ్యి తెరుచుకుని ఉంది.