ట్యాంకరు వాన

రైతు కష్టాల మీద సినిమాలు తీసి, వాటిలో తానే రైతుగా నటించి పేరు తెచ్చుకున్న ఆ దర్శకుడికి ఒక అలవాటుండేది. ప్రతి షాటు తర్వాత మానిటర్ ముందు కూర్చుని, తన కన్నీళ్లు తానే చూసుకుని మురిసిపోయేవాడు.

పొదిలి దగ్గర మిరప కల్లంలో అకాల వర్షం సీను తీస్తున్నారు. ఓ మూల కాసిని కాయలే తడుపుతామని, అసిస్టెంటు డైరెక్టరుగా నేను నచ్చజెబితేనే ఆ పంట రైతు కల్లం ఇచ్చాడు. తీరా షాటు అయ్యేసరికి, వాన కోసం తెచ్చిన ట్యాంకరు నీళ్లు కల్లమంతా తడిపేశాయి.

"ఆపండి బాబూ! ఏడాది పంటండీ, బూజు పట్టిపోద్ది!" అంటూ రైతు కాయల మీద పడ్డాడు.

దర్శకుడు మానిటర్ నుంచి తలెత్తకుండానే, "ఎవడ్రా వాడు, ఓవర్ చేస్తున్నాడు? బయటికి లాగండి. ఇంకో టేక్!" అన్నాడు.

గొప్ప సినిమా పాడవకూడదని, ఆ రైతును రెక్క పట్టుకుని లాగింది నేనే.