ఏన్కూరు నిమ్మకాయ

అప్పట్లో ఖమ్మంలో సర్వర్లు చూసేవాణ్ణి. కుల, ఆదాయ సర్టిఫికెట్లిచ్చే కేంద్రాల నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టునూ మధ్యలో ఒక సర్వరు అందుకుని, వెబ్ చిరునామాలో ఉన్న ఊరి పేరు తీసేసి లోపలి సర్వరుకు పంపేది. ఆ రూలు రాసింది నేనే. తిరిగొచ్చే పేజీలోని లింకులకు ఆ పేరు మళ్లీ తగిలించడం మాత్రం మరిచాను. అందుకే మొదటి పేజీ తెరుచుకునేది, ఆ తర్వాత ఏది నొక్కినా పేజీ లేదనేది.

ఏన్కూరు కేంద్రం నడిపే అమ్మాయి ఫోన్ చేసింది.

"మా దిక్కు తప్పేం లేదు. నువ్వే సక్కగ నొక్కుతలేవు," అని కసిరాను.

తర్వాత వేరే పని మీద అటు వెళితే, అడవి ఊళ్ల నుంచి సర్టిఫికెట్ల కోసం నడిచొచ్చినవాళ్లు కేంద్రం బయట కూర్చుని ఉన్నారు. లోపల మానిటరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి.

"దిష్టి తగిలింది సార్. మీ దిక్కు తప్పు లేదంటిరి గదా," అంది ఆ అమ్మాయి.

ఆమె నొక్కుతుంటే చూశాను. చిరునామాలోంచి ఏన్కూరు ఎగిరిపోతోంది. ఖమ్మం వచ్చి ఆ రూలుకు ఒక లైను కలిపాను.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది. "నిమ్మకాయ పనిచేసింది సార్. ఇగ ప్రతి శనివారం కొత్తది కడ్త."

కట్టమన్నాను.