చలిగదిలో తుపాకి

ఉత్తర ధ్రువానికి దగ్గర, మంచులో ఉండే మా ఊళ్ళో తుపాకి కొనాలంటే జేబులో డబ్బుంటే చాలదు, సియాసి కూడా ‘ఊఁ’ అనాలి. ఆవిడ దుకాణంలో పనిచేసే మనిషి కాదు. బడి ఊడుస్తుంది, సీలు అనే సముద్రపు జంతువు తోలుతో బూట్లు కుడుతుంది. అరవై ఆరేళ్ళుంటాయి, నిలబడితే కౌంటరు మీంచి తల మాత్రం కనిపిస్తుంది. అయినా సరుకు విమానం దిగి దుకాణంలో తుపాకి పెట్టెలు విప్పారంటే, చీపురు గోడకి ఆనించి వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. దక్షిణాన వెచ్చటి నగరాల నుంచి వచ్చిన మేనేజరు మొదట్లో మండిపడ్డాడు. “ఈ ముసలమ్మ నా బేరాలు చెడగొడుతోంది” అని ఊరంతా చెప్పుకున్నాడు. మరుసటి ఏడు తనకంటూ ఒక తుపాకి తెప్పించుకున్నాక, ఆ ముసలమ్మనే వెతుక్కుంటూ బడిదాకా మంచులో నడిచి వెళ్ళాడు.

ఆ మార్చిలో పుటులిక్ ఒక తుపాకి ఎంచుకున్నాడు. దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ చవకది. నల్ల ప్లాస్టిక్ దిమ్మె, చేత్తో లాగి తోసే బోల్టు, పెట్టెలోనే వచ్చే నాసిరకం దుర్భిణి. అతని పాత తుపాకి నవంబరులో, మంచు మీద లాగే స్లెడ్జి బండితో సహా పలచటి మంచులోంచి సముద్రంలోకి పోయింది. మనిషి బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. కాని ఆనాటి నుంచి అతని ఇంట్లో ఉడికిన ప్రతి ముక్కా ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చిందే. ఇచ్చినవాళ్ళు ఎవరూ మొహం చిట్లించలేదు. అతనికే ముద్ద దిగడం మానేసింది. నలుగురికీ పంచే రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడి కొండల వైపు చూసేవాడు.

సియాసి తండ్రి పేరు కూడా పుటులిక్. ఆయన పోయిన నెలకి ఇతను పుట్టాడు, ఆ పేరు ఇతనికి పెట్టారు. పేరుతో పాటు మనిషీ తిరిగి వచ్చినట్టే మాకు. అందుకే ముప్ఫై ఒక్కేళ్ళవాణ్ణి అరవై ఆరేళ్ళ సియాసి ‘నాన్నా’ అంటుంది, అతను ఆవిణ్ణి ‘అమ్మాయ్’ అంటాడు. రెండేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడే చేపలో మెత్తటి పొట్టముక్క తీసి ముందు అతని నోట్లో పెట్టేది. ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడి ఎరగదు, తండ్రిని ఎవరు కసురుతారు? కాని ఆవిడకి ఆ తండ్రితో చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ప్రతి శీతాకాలం ఈసారి చెబుదామనుకుంటుంది, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

“ఇలా ఇవ్వు నాన్నా” అని సియాసి తుపాకి అందుకుంది.

ఆవిడ చూస్తూంటే పక్కవాళ్ళు మాటలు ఆపేస్తారు. ముందు బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితో చూసి, కన్నుని నమ్మక చిటికెన వేలు పెట్టి చూసింది. బోల్టు పూర్తిగా ఊడదీసి గొట్టంలోంచి కిటికీ అవతలి మంచుని చూసింది. గొట్టం మూతి అంచుని గోటితో చుట్టూ తడిమింది, అక్కడ చీమంత గంటు ఉన్నా తూటా పక్కదారి పడుతుంది. చాక్లెట్ కాగితం ఒకటి గొట్టానికీ కింది దిమ్మెకీ మధ్య దూర్చి మూతి నుంచి వెనక్కి లాక్కుంటూ వచ్చింది. సగం దూరంలో కాగితం ఇరుక్కుంది. తల పంకించింది. బోల్టు మళ్ళీ బిగించి, లాగి, సేఫ్టీ తీసి, తుపాకి మడమని నేలకేసి రెండుసార్లు గట్టిగా కొట్టింది. దానంతటది పేలే రకమైతే అప్పుడే ‘టక్’మంటుంది. అనలేదు. చివరికి దొడ్డు తోలు తొడుగు చేతికి వేసుకుని ట్రిగ్గరు దగ్గర వేలు పడుతుందా, సేఫ్టీ మీట కదులుతుందా, తూటాల పెట్టె ఊడి చేతికి వస్తుందా అని ఒక్కొక్కటీ చూసింది.

“చవకదే గాని చెడ్డది కాదు నాన్నా. గొట్టం మంచిది. దిమ్మె ఒకచోట గొట్టానికి ఒరుసుకుంటోంది, గీకేస్తే పోతుంది. దుర్భిణి మరలు బిగించాలి. మిగతాది చలి చెప్పాలి.”

“చలి చెప్పేదేమిటి?”

“ఈ రాత్రి మా చలిగదిలో ఉంచుతాను. రేపు పొద్దున చూద్దాం.”

ఇంటికీ బయటి గాలికీ మధ్య, పొయ్యి వేడి తగలని ఆ చిన్న గది ప్రతి ఇంటికీ ఉంటుంది. తుపాకీ మాంసమూ ఉండేది అక్కడే. పుటులిక్ మొహం మాడిపోయింది.

“రేపా? కారిబూ దుప్పుల మంద పెద్ద సరస్సు దాకా వచ్చేసిందట. జూపీవాళ్ళు ఇంకో గంటలో బయల్దేరుతున్నారు. నేనూ వెళ్తున్నాను.”

బావమరిది జూపి అప్పటికే గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. “ఏం బావా, మీ అమ్మాయి సెలవివ్వలేదా? పోనీ ఆ తుపాకిని ఉయ్యాల్లో వేసి జోలపాడమను, మేం వెళ్ళొస్తాం!”

దుకాణంలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. పుటులిక్‌కి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడతను చేయకూడని పని చేశాడు. మా ఊళ్ళో తప్ప మరెక్కడా ఆ తప్పు తప్పుగానే కనబడదు. నిటారుగా నిలబడి, తన గొంతు కాని గొంతుతో అన్నాడు:

“అమ్మాయ్, మీ నాన్నగా అడుగుతున్నాను. ఇటివ్వు.”

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. తండ్రి పేరున్నవాడు తండ్రిగా నోరు తెరిచి అడిగితే కూతురు కాదనడానికి లేదు. అందుకే ఆ పేరుని ఎవరూ అలా వాడుకోరు. సియాసి తుపాకిని రెండు చేతులా పట్టుకుని అతని చేతుల్లో పెట్టేసింది.

“తీసుకో నాన్నా. కాని వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి ఒక్క కప్పు టీ తాగి వెళ్ళు. నీకో మాట చెప్పాలి.”

వాళ్ళింట్లో టీ పోసింది గాని తను కూర్చోలేదు. గోడకి వీపు ఆనించి, నేల వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“నాకు ఎనిమిదేళ్ళు. మనం మంచు గుడిసెలో ఉన్నాం. ఆ వసంతం సీళ్ళు లేవు, కుక్కల్ని కూడా తినేశాం. తమ్ముడు చంటివాడు, అమ్మకి పాలు ఇంకిపోతున్నాయి. నీ తుపాకి బయట మంచులో గుచ్చి ఉండేది. పాపం, దానికి చలేస్తుందనుకున్నాను నాన్నా. అందరూ పడుకున్నాక లోపలికి తెచ్చుకున్నాను. తెల్లారేసరికి మళ్ళీ బయట పెట్టేశాను.”

పుటులిక్ కప్పు కింద పెట్టాడు. అతనికి అర్థమైపోయింది. చల్లటి ఇనుము వెచ్చటి గాలిలోకి వస్తే ఒళ్ళంతా చెమటపడుతుంది. మళ్ళీ బయటికి పోతే ఆ చెమటే లోపల మంచై బిగుసుకుంటుంది.

“ఆ పొద్దున మూడు కారిబూలు గుడిసె దగ్గరికే వచ్చాయి. నువ్వు గురిపెట్టావు. తుపాకి మాట్లాడలేదు. మళ్ళీ లాగావు, మళ్ళీ మాట్లాడలేదు. వెళ్ళిపోయాయి. తర్వాత తొమ్మిది రోజులకి గాని మాంసం దొరకలేదు. తమ్ముడు ఆరో రోజునే పోయాడు. తుపాకిని లోపలికి తెచ్చుకున్న వేటగాడని పోయేదాకా నిన్నే ఎగతాళి చేశారు. నువ్వు ఒక్కనాడూ కాదనలేదు, ఎవరు తెచ్చారని అడగలేదు. తెచ్చింది నేను. చెప్పుకుందామంటే నువ్వు పోయావు, వచ్చాక నాకు నోరు రాలేదు.”

ఆవిడ తలెత్తి అతని మొహంలోకి చూసింది. చిన్నపిల్ల దెబ్బకి సిద్ధపడి నిలబడ్డట్టుంది. పుటులిక్‌కి ఆవిడ ఎదురుచూసేది తన జవాబు కోసం కాదు, పోయిన ఆ తండ్రి జవాబు కోసమని తెలిసింది. ఆ జవాబు తనలో ఎక్కడుందో వెతికినా దొరకలేదు. సిగ్గుతో లేచి, తుపాకిని తీసుకెళ్ళి చలిగది మూలలో తనే ఆనించాడు.

బయట జూపీవాళ్ళ మంచు బండ్లు మోగుతూ వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున సున్నాకి కింద ముప్ఫై నాలుగు డిగ్రీలు. ఊపిరి వదిలితే కనురెప్పల మీదే మంచై పేరుకుంటోంది. సియాసి ఊరి చివర మంచు దిబ్బకి ఒక అట్టపెట్టె ఆనించి, తుపాకి బోల్టు లాగింది. నిన్న దుకాణంలో గలగలా ఆడిన బోల్టు ఇవాళ గడ్డకట్టిన నేతిలో గరిటలా కదిలింది. తూటా పెట్టి, ట్రిగ్గరు నొక్కింది.

‘తుప్’.

అంతే. పేలలేదు. గొట్టాన్ని దిబ్బ వైపే ఉంచి, ఆవిడ నిండా ఒక నిమిషం కదలకుండా నిలబడింది, ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి. తర్వాత బోల్టు తీసి తూటాని అరచేతిలో పెట్టి చూపించింది. దాని మడమ మీద బోల్టు లోపలి సూది పొడిచిన గుర్తు, లోతు లేకుండా గోటితో నొక్కినంత. పుటులిక్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నిన్న వెళ్ళుంటే ఈ పాటికి సరస్సు ఒడ్డున మంద ఎదురుగా ఈ ‘తుప్’మనే చప్పుడు విని ఉండేవాడు.

“ఫ్యాక్టరీవాళ్ళు పూసిన నూనె చలికి గడ్డకట్టింది నాన్నా. వాళ్ళ ఊళ్ళో వెచ్చగా ఉంటుంది, వాళ్ళకేం తెలుసు.”

చలిగదిలోనే బోల్టుని ముక్కలుగా విప్పి, స్టవ్వులో పోసే తెల్ల పెట్రోలుతో సూదినీ స్ప్రింగునీ కడిగింది. ఒక్క చుక్క నూనె కూడా మళ్ళీ పూయలేదు. తోళ్ళు గీకే తన అర్ధచంద్రపు కత్తి తీసి దిమ్మె ఒరుసుకునేచోట ప్లాస్టిక్ పొట్టు లేవగొట్టింది. కాగితం ఈసారి మూతి నుంచి చివరిదాకా జారిపోయింది. మరలు బిగించింది. అట్టపెట్టెకి ఎదురుగా, దూరంలో అతనే పడుకుని నాలుగైదు తూటాలు కాల్చి దుర్భిణి సరిచేసుకున్నాడు. చివరి రెండూ పక్కపక్కనే తగిలాయని సంబరపడబోతే ఆవిడ ఆపేసింది.

“వేడెక్కిన గొట్టం ఎవరికైనా మంచి మాటే చెబుతుంది. పక్కన పెట్టు. పూర్తిగా చల్లారనీ, అప్పుడు ఒక్కటే కాల్చు. కారిబూ నీ రెండో తూటా కోసం నిలబడదు.”

వాళ్ళు మంచులో వీపుకి వీపు ఆనించుకుని, రొట్టె ముక్క చెరిసగం తిని, ఎండ దిబ్బ మీదికి ఎక్కేదాకా కూర్చున్నారు. తర్వాత అతను ఒక్కటి కాల్చాడు. తూటా సరిగ్గా వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది.

“ఇప్పుడు వెళ్ళు” అంది సియాసి.

మూడో రోజు మధ్యాహ్నం అతను తిరిగి వచ్చాడు. స్లెడ్జి మీద రెండు కారిబూలు. జూపి నాలుగు కొట్టాడు, ఆ సంగతి పది రోజులు చెప్పుకున్నాడు కూడా. పుటులిక్ తన రెండింటినీ ఇల్లిల్లూ తిరిగి పంచాడు. పంచుతూంటే అతని నడకే మారిపోయింది. తన ఇంటికి డొక్కలూ ఎముకలూ మిగిలాయి, వాటిని చూసి భార్య నవ్వేసింది.

అన్నిటికంటే చివరగా రెండు నాలుకలూ ఒక గుండెకాయా పట్టుకుని సియాసి ఇంటికి వచ్చాడు. తుపాకిని చలిగదిలో వదిలి లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆవిడ నేల మీద అట్ట పరిచి గుండెకాయని కోయడం మొదలుపెట్టింది. ఎలా కొట్టావని అడగలేదు, మొదటి తూటాతోనేనా అని కూడా అడగలేదు.

“అమ్మాయ్” అన్నాడు పుటులిక్.

“ఊఁ.”

“మూడు కారిబూలు వచ్చిన ఆ పొద్దున బోల్టు లాగగానే లోపల మంచు తగిలింది. నువ్వేనని నాకు అప్పుడే తెలుసు.”

కత్తి ఆగింది.

“రాత్రి మెలకువ వచ్చి చూశాను. నీ తోలు దుప్పటి సగం దానికి కప్పి, సగం నువ్వు కప్పుకుని పడుకున్నావు. నిన్ను లేపి, దాని తడి తుడిచి పెట్టాల్సింది నేను. చూసి, ముచ్చటపడి, మళ్ళీ పడుకున్నాను. తప్పు నాది తల్లీ. అందుకే ఎవరికీ చెప్పలేదు.”

అనేసి పుటులిక్ తన నోటి మాటకి తనే అదిరిపడ్డాడు. ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఈనాటికీ అతనికి తెలియదు. సరస్సు దగ్గర మంద కోసం మంచులో పడుకుని ఉండగా వచ్చాయంటాడు, అంతకన్నా చెప్పలేడు.

సియాసి కత్తి కింద పెట్టి, రెండు చేతుల్లోనూ మొహం దాచుకుంది. దుప్పటి సంగతి ఆవిడ దుకాణంలో చెప్పలేదు, టీ దగ్గర చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా ఏనాడూ చెప్పలేదు.